సోనీ బోర్డుకు నేను పెట్టిన రాస్తా

మా మేనకోడలు సోనీ మొదట నిలబడింది అల మీద కాదు, గేదె వీపు మీద. పాతబస్తీలో, జహనుమాలో మా బావ బాలనర్సింహకు పదకొండు గేదెలు ఉండేవి. కొట్టం నుంచి నీళ్ల హౌజు దాకా అవి నడుస్తుంటే, ఆరేళ్ల పిల్ల ఏదో ఒకదాని వీపెక్కి, చెప్పుల్లేకుండా నిలబడి, రెండు చేతులూ చాపుకొని పడకుండా పోయేది. మా అక్క మాణిక్యమ్మ కట్టె పట్టుకొని వెంటపడేది.

"పడితె నడుం ఇరుగుతదే, దిగు!"

"పడనమ్మా. బర్రె కదలకముందే నా కాళ్లకు ఎర్కయితది."

అప్పుడు ఆ మాటకు అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు అదే మాట గుర్తొస్తే నాకు నవ్వు రాదు.

పదేళ్లకు మునిసిపల్ ఈతకొలనులో దిగింది. పాలు పోసే ఇళ్లవాళ్లు ఏమనుకుంటారోనని బావ ఒప్పుకోలేదు. నేనే లొల్లి పెట్టుకొని చేర్పించాను. మహేందర్‌కు, అంటే నాకు, కోపం ముక్కు మీద ఉంటుందని మా గల్లీలో పేరు. ఆ కోపం వల్ల జరిగిన మంచి పని ఇదొక్కటే. ఆ ఈతతోనే సోనీకి స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది. విశాఖపట్నంలో వేశారు. మొదటి జీతంతో అమ్మకు చీర, నాన్నకు టార్చిలైటు, నాకు వాచీ తెచ్చింది. రెండో ఏడాది నుంచి ఇంటికి ఫోన్ చేస్తే ఒకటే మాట, అల.

పాతబస్తీలో పుట్టి పెరిగిన మాకు నీళ్లంటే రెండు రోజులకోసారి వచ్చే నల్లా. అల మీద బోర్డేసుకొని నిలబడటం ఏమిటో, అందులో గొప్పేమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఓ దసరాకు వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. విశాఖకు ఉత్తరాన ఒక జాలరి పల్లె ఉంది. అక్కడ కొండ పాదం ముక్కులాగా సముద్రంలోకి పొడుచుకొని ఉంటుంది. దాని కింద నీళ్లలో రాళ్లు వరసగా, పదునుగా ఉంటాయి. జాలర్లు ఆ చోటును రంపం అంటారు. ఇసుక తీరంలో అల ఎక్కడపడితే అక్కడ విరుగుతుంది, పడితే ఇసుకలో పడతారు. రంపం దగ్గర అలా కాదు. లోతులో నుంచి వచ్చిన అల ఆ ముక్కును తాకి, అక్కడి నుంచి రాళ్ల వెంబడి విరుగుతూ పోతుంది, బట్టల దుకాణంలో తానును ఓ కొస నుంచి చింపుకుంటూ పోయినట్టు. ఆ చిరుగు తనను అందుకోకముందే మనిషి దాని ముందు ముందు జారిపోవాలి. లేవటం ఒక్క క్షణం ఆలస్యమైనా, మలుపు ఒక్క జానెడు తప్పినా కింద నడుంలోతు నీళ్లు, నీళ్ల కింద రంపం.

"ఇప్పటిదాక నలుగురే తొక్కిన్రు మామా. నలుగురూ మొగోళ్లే."

"నీకెందుకే గా ఆపతి?"

"నా కాళ్లకు తెలుస్తది మామా అది."

పిచ్చిదేమీ కాదు. రెండేళ్లు ఆ అలను ఒడ్డున కూర్చొని చూసింది. ఇంకో ఏడాది బోర్డు మీద పడుకొని రాళ్లకు అవతల దాకా పోయి, ఒక్క అల కూడా ఎక్కకుండా తిరిగొచ్చింది. ఎన్ని అలలు వస్తాయి, ఎన్నోది పెద్దది, తిరిగి రావడానికి రాళ్ల మధ్య సందు ఎక్కడుంది, అన్నీ నేర్చుకుంది. పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఆ సందులోంచి బయటికి వస్తుంటే బోర్డు తోక రాయికి తగిలి జానెడు మేర పగిలింది. సెలవు దొరికేదాకా నెల రోజులు ఆగి, ఆ బోర్డును దుప్పట్లో చుట్టుకొని, రైలెక్కి, తిన్నగా ధూల్‌పేట్‌లో మా షెడ్డుకు వచ్చింది.

నేను వినాయకుడి బొమ్మలు చేస్తాను. పద్నాలుగో ఏట మొగులయ్య ఉస్తాద్ దగ్గర చేరాను. ఆయన పోయాక ఆ షెడ్డుకు నేనే ఉస్తాద్‌ను. ఇప్పుడు ఫైబర్ అచ్చులు కూడా పోస్తాం. మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. బొమ్మ ఏదైనా సరే, రంగు వేయకముందు, పీట వెనక కనిపించని చోట ఎర్రగా కాలిన ఇనుప ఊచతో పెన్సిలు మొన పట్టేంత రంధ్రం పెడతాం. దాన్ని రాస్తా అంటాం. నిమజ్జనం నాడు నీళ్లు లోపలికి పోయే దారి అది. బొమ్మ మునగకుండా తేలిందంటే చేసినవాడి పరువు నీళ్లపాలే. పిల్లలు వెదురు బొంగులతో పొడిచి పొడిచి ముంచుతారు, చూడలేం. అందుకే రాస్తా పెట్టే పని కూలీలకు ఇవ్వం, ఉస్తాదే పెడతాడు. ముప్పై ఏళ్లలో నా చెయ్యి దానికి ఎంత అలవాటు పడిందంటే, ఒకసారి ఫంక్షన్ హాలు గేటు ముందు నిలబెట్టే ఫైబర్ ఏనుగుకు కూడా రాస్తా పెట్టేశాను. వానాకాలంలో దాని కడుపు నిండి కాళ్ల సందులోంచి నీళ్లు కారాయి. ఓనరు తిట్టాడు, షెడ్డు మొత్తం నెల రోజులు నవ్వింది. నేనూ నవ్వాను.

సోనీ బోర్డు చూసి, "కొత్తది కొనుక్కోరాదూ" అన్నాను.

"నా కాళ్లు దీని మీదనే ఉన్నయి మామా. నువ్వే బాగు జెయ్యాలె. ఇంకొకలకు ఇయ్య."

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను, దాచటం ఎందుకు. విరిగిన చోట లోపలి నురుగు దిమ్మ తడిసి కుళ్లింది. దాన్ని కోసేసి, బొమ్మల పద్ధతిలోనే లోపల బోలుగా ఉంచి పైన మూడు పొరల ఫైబర్ వేశాను. ఆమె వంగి చూసి అడిగింది.

"లోపట ఖాళీ ఉంటె ఏంగాదా మామా?"

"ముప్పయ్యేండ్ల సంది గిదే పని జేస్తున్న. నాకు జెప్తున్నవా? పో, మీ అమ్మ బువ్వ వండి చూస్తుంటది."

పోయింది. నేను ఆ సాయంత్రం తోకను రుద్ది నున్నగా చేసి, ఆమె అడిగినట్టు ఎర్రటి పట్టీ వేసి ఆరబెట్టాను. మర్నాడు సోనీ దాన్ని వేలితో కొట్టి చూసి, "మస్తుగున్నది మామా" అని, మళ్లీ దుప్పట్లో చుట్టుకొని పోయింది.

అయిదో రోజు, శనివారం, పొద్దున పదకొండుకు ఒక గణపతి పీటకు రాస్తా పెడుతున్నాను. ఫైబర్ కాలిన ఘాటు వాసన ముక్కుకు తగిలింది. అంతే, నా చెయ్యి ఆగిపోయింది. ఇదే వాసన బోర్డు ఆరబెట్టిన సాయంత్రం కూడా వచ్చింది. ఆనాడు షెడ్డులో ఫైబర్ పని ఇంకేదీ లేదు, సోనీ బోర్డు ఒక్కటే ఉంది. పనైపోగానే నా చెయ్యి తన పని తాను చేసేసింది. ఎర్ర రంగు పైన పలుచటి పొరలా కప్పేసింది గనుక పిల్లకు కనపడలేదు, నీళ్లలో ఆ పొర నిలవదు. 

వెంటనే ఫోన్ చేశాను. సోనీ గొంతులో హుషారు.

"మామా! సక్కగ జేసినవ్. రేపు పొద్దున రంపం మీదికి పోతున్న. గాలి మంచిగున్నదట, అల ఏడడుగులు లేస్తదట."

"బోర్డు ఎట్లుంది?"

"నిన్న ఇసుక కాడ తొక్కి చూసిన. జెర బరువనిపిచ్చింది. నెల సంది దిగలే గద, నా కాళ్లకే అలవాటు తప్పింది. ఏంది మామా, ఏమన్న ఉన్నదా?"

షెడ్డులో ఆరుగురు పనివాళ్లు ఉన్నారు. నేను ఊచ పట్టుకొని రాయిలా నిలబడటం చూసి అందరూ పని ఆపి నా వైపే చూస్తున్నారు. ఏనుగు సంగతి వాళ్లు ఇంకా మరిచిపోలేదు.

"ఏం లేదు బిడ్డా. ఉత్తగనే చేసిన."

ఈ మాట అన్నది నేనే. నలుగురి ముందు నవ్వులపాలవుతానని, నా చేతి పని మీద పిల్లకున్న నమ్మకం పోతుందని. బయటికి పోయి మళ్లీ చేయవచ్చు. చేయలేదు. నేనే పోయి, ఆమెకు తెలియకుండా ఎంసీల్ ముద్ద పెట్టి మూసేసి, ఊరికే చూడ్డానికి వచ్చానని చెబుదామనుకున్నాను. అంత తెలివి నాది! సంచిలో రెండు ఎంసీల్ పాకెట్లు వేసుకొని రైలెక్కాను. దారిలో పదిసార్లు ఫోను తీశాను, పదిసార్లూ జేబులో పెట్టాను. రైలు రెండు గంటలు ఆలస్యంగా చేరింది. దిగి ఆమెకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆటోలో ఆ పల్లెకు చేరేసరికి ఎనిమిది దాటింది. వలలు సర్దుకుంటున్న ఒకాయన్ను అడిగాను. పేరు ఎల్లాజీ. సోనీకి ఆ రాళ్ల సందు చూపించింది ఆయనేనట.

"అమ్మాయిగోరా? ఎప్పుడో దిగిపోనాది బాబూ. గంట పైనయింది. అదిగో, ఆ కొస కాడ సూడండి."

రాళ్ల మీద పడుతూ లేస్తూ కొండ ముక్కు దాకా పోయాను. అవతల నీళ్ల మీద సోనీ బోర్డుపై కూర్చొని ఉంది. ఒక్కతే. నాకు సముద్రం తెలియకపోయినా నీళ్లలో బొమ్మ ఎలా మునుగుతుందో తెలుసు. ఎర్ర పట్టీ ఉన్న తోక కిందికి దిగి, బోర్డు ముక్కు పైకి లేచి ఉంది. గంట నుంచి కొంచెం కొంచెంగా నీళ్లు లోపలికి పోతున్నాయి. నేను పెట్టిన దారిలోంచే.

గొంతు చించుకొని అరిచాను. అలల హోరులో నా అరుపు నాకే వినపడలేదు. తువ్వాలు ఊపాను. ఆమె ఇటు చూసింది. నన్ను గుర్తుపట్టింది. పాతబస్తీ నుంచి మామ తన అల చూడటానికి వచ్చాడనుకొని, చెయ్యెత్తి ఎంత సంతోషంగా ఊపిందో! ఆ చెయ్యి నేను చచ్చేదాకా మరిచిపోలేను.

అప్పుడే వెనక నుంచి అలలు లేచాయి. మొదటిది వదిలేసింది. రెండోదీ వదిలేసింది. మూడోదానికి బోర్డు తిప్పి, పడుకొని, చేతులతో నీళ్లు తోయటం మొదలుపెట్టింది. మామ చూస్తున్నాడు కదా. అల ఆమె కిందికి వచ్చి పైకెత్తింది. ముక్కు దగ్గర తెల్లగా విరగడం మొదలైంది. సోనీ లేచింది. నేను కళ్లారా చూశాను, కాళ్లు రెండూ ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. మోకాళ్లు వంచింది, చేతులు చాపింది, గేదె మీద నిలబడ్డ అదే పిల్ల. కుడికి మలిపింది. ఒక్క క్షణం పచ్చటి అల గోడ మీద ఆమె జారిపోతుంటే నేను అన్నీ మరిచిపోయి, "సెబాష్ బిడ్డా" అని కూడా అన్నాను.

తోక లేవలేదు. మలుపులో తేలికగా పైకి రావలసిన తోక నీళ్ల బరువుతో అక్కడే కూరుకుపోయింది. బోర్డు ఆగినట్టయింది. వెనక నుంచి విరుగుతూ వస్తున్న అల ఆమెను అందుకొని, పైకి లాగి, రాళ్ల మీదికి విసిరింది.

ఎల్లాజీ, ఇంకో ఇద్దరు ఆ సందులోంచి పోయి తెచ్చారు. కుడి మడమ ఎముక విరిగింది. తొడ మీద రంపం కోత, పద్నాలుగు కుట్లు. స్పృహలోనే ఉంది. వాళ్లు ఆమెను మోస్తుంటే బోర్డు నేను ఎత్తుకున్నాను. తోక కింద నుంచి నీళ్లు సన్నటి ధారగా కారుతున్నాయి.

"బోడు రాయికి తగిలినట్టుంది బాబూ, నీల్లు కారతన్నాయి" అన్నాడు ఎల్లాజీ.

నేను బొటనవేలు పెట్టి ఆ రంధ్రం మూశాను. ఆసుపత్రి బండి ఎక్కేదాకా వేలు తీయలేదు.

కట్టు కట్టాక సోనీ నా చెయ్యి పట్టుకొని మొదటిసారి ఏడ్చింది.

"నీ ముంగటనే పడ్డ మామా. బోర్డుది ఏం లేదు, నువ్వు సక్కగనే జేసినవ్. నా కాళ్లే మోసం జేసినయి. మొన్ననే బరువుగున్నదని తెలిసింది, అయినా ఇనలే."

ఎంసీల్ పాకెట్లున్న సంచిని నేను కాలితో మంచం కిందికి తోశాను.

జహనుమాకు తెచ్చుకున్నాం. అక్క సముద్రాన్ని తిట్టింది, రైల్వేవాళ్లను తిట్టింది, విశాఖపట్నాన్ని తిట్టింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, పైగా సమయానికి అక్కడున్నానని బావ నాకు దండం పెట్టాడు. ఆ దండం తర్వాత నాకు అన్నం సయించలేదు. సోనీ కొట్టం ముందు కుర్చీలో కాలు చాపుకొని కూర్చునేది. కట్టు తీశాక కూడా నడవటానికి భయపడేది. గేదె దగ్గరికొస్తే కుర్చీ వెనక్కి జరుపుకునేది. ఆ పిల్ల! ఆఫీసులో కూర్చునే పని ఇమ్మని అర్జీ రాసింది. ఎల్లాజీకి ఫోన్ చేసి ఆ బోర్డు ఎవరికైనా ఇచ్చేయమంది. "నా కాళ్లకు తెలుస్తదనుకున్న మామా. ఏం తెల్వదు వాటికి" అని నాతో ఒకసారి నవ్వుతూ అంది. ఆ నవ్వు చూడటం కంటే నాలుగు చెంపదెబ్బలు తినటం సులువు.

నిమజ్జనం వచ్చింది. ఆ మధ్యాహ్నం మా షెడ్డు బొమ్మలు ఒక్కొక్కటీ నీళ్లలోకి దిగి, నిటారుగా, గౌరవంగా మునిగిపోయాయి. ఒక్కటీ తేలలేదు. పక్క షెడ్డువాళ్లు నా భుజం తట్టి, "క్యా హాథ్ హై ఉస్తాద్!" అని నా చేతిని మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది, నా మీద నాకే. అక్కడి నుంచి తిన్నగా జహనుమాకు పోయి, సోనీ ముందు నేల మీద కూలబడి, అంతా చెప్పేశాను. రాస్తా, ఎర్ర పట్టీ, బొటనవేలు.

"నీ కాళ్లు సక్కగనే నిలబడ్డయి బిడ్డా. నేను కండ్లార చూసిన. బరువున్నదని నీ కాళ్లు ముందుగాలనే చెప్పినయి. తప్పు నా చేతిది."

నా కుడిచెయ్యి వంక చూసింది. తర్వాత అడిగింది.

"శనివారం ఫోన్ జేసినవ్ గద. గప్పటికే ఎర్కనా?"

అబద్ధం చెప్పవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"ఎర్కే" అన్నాను.

"చెయ్యి తప్పు జేస్తది మామా, దానికేం ఫికర్ లేదు. ఏం లేదు బిడ్డా అన్నవ్ జూడు..."

 కట్టె ఊతంతో లేచి, కుంటుకుంటూ లోపలికి పోయింది. ఆ తర్వాత ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. నేను ఇంటికి పోతే వేరే గదిలోకి పోయేది. దీపావళికి ముందు మళ్లీ విశాఖ డ్యూటీకి పోయింది. మామ నిన్నేమన్నాడే అని అక్క అడిగితే, ఏం లేదు అందట. అంటే నా సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అది నన్ను ఇంకా చంపింది. పోయే ముందు రోజు పొద్దున్నే కొట్టంలో ఒక్కతే గేదె వీపు పట్టుకొని నిలబడి ఉందని, చెప్పులు పక్కన విడిచి ఉన్నాయని బావ చెప్పాడు. నేను ఆ మాట విని షెడ్డు వెనక్కి పోయి ఏడ్చాను.

ఈ మార్చిలో ఒక పొద్దున షెడ్డు ముందు ఆటో ఆగింది. సోనీ దిగింది. కుడికాలు కొంచెం ఈడుస్తోంది. వెనక సీటులో నుంచి దుప్పట్లో చుట్టిన బోర్డు లాగింది. ఎల్లాజీ దాన్ని ఎవరికీ ఇవ్వలేదట, చూరు కింద దాచి ఉంచాడట. పనివాళ్లందరి ముందే బల్ల మీద తోక పైకి పెట్టి పడేసింది.

"గీసారి బోలు వద్దు. లోపట నురుగు దిమ్మ పెట్టి చెయ్యి. నేను ఈడనే కూసుంట."

"మళ్ల గాడికే పోతవా?"

"జూన్ల."

"నేను గూడ వస్త బిడ్డా."

"వద్దు" అంది.

స్టూలు లాక్కొని నా కుడిపక్కన కూర్చుంది. రెండు రోజులు. పాత ఫైబర్ కోసేశాను, దిమ్మను తోక ఆకారానికి చెక్కాను, పొర మీద పొర వేశాను. ఆమె నా ముఖం వంక చూడలేదు. చూపు మొత్తం నా చేతి మీదే. కూలీలు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. రెండో సాయంత్రం తోక రుద్దటం అయిపోయింది. అరచేతితో తడిమాను, గాజులా నున్నగా ఉంది. పని బాగా కుదిరిందన్న తృప్తితో కుంపటి వైపు తిరిగాను. ఎందుకు తిరిగానో నాకే తెలియదు. కాలుతున్న ఊచ పిడి నా వేళ్లకు తగిలింది.

సోనీ నా మణికట్టు పట్టుకుంది.

నేను ఊచ వదిలేశాను. ఆమె మాత్రం నా చెయ్యి వదల్లేదు. ఎడమచేత్తో బ్రష్ తీసుకొని ఎర్ర పట్టీ తనే వేసుకుంది, రంగు ఆరేదాకా అలాగే పట్టుకొని కూర్చుంది.